మలుపులో రోడ్ బైక్ జారుతుందన్న భయం: ముందు గాలి, తర్వాత బ్రేకు, ఆ తర్వాతే కొత్త టైర్లు

ప్రశ్న: ఉండేది హైదరాబాద్. రోడ్ బైక్ కొని ఏడాది కావస్తోంది. నా బరువు 72 కిలోలు. తిన్నని రోడ్డు మీద బాగానే తొక్కుతాను గానీ, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ ముందు చక్రం జారిపోతుందేమోనని బ్రేకులు పట్టుకునే దిగుతున్నాను. బండితో వచ్చిన 25 మి.మీ. టైర్లే ఉన్నాయి. 110 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) గాలి పెడతాను. గళ్లున్న టైర్లు వేస్తే పట్టు వస్తుందని షాపులో చెప్పారు. అవి తీసుకోవాలా, 28కి మారాలా? ట్యూబ్‌లెస్ అవసరమా?

సమాధానం:

కొత్త టైర్లు కొనే ముందు ఉన్నవాటిలోంచి పాతిక, ముప్పై పీఎస్ఐ గాలి తీసేయండి. కారణం తర్వాత చెబుతాను. అంతకంటే ముఖ్యమైన సంగతి మీ ప్రశ్నలోనే ఉంది: "బ్రేకులు పట్టుకునే దిగుతున్నాను" అన్నారు. భయం వేసి బ్రేకు పడుతున్నానని మీరు అనుకుంటున్నారు. నేను చూసిన కొత్తవాళ్లలో చాలామంది విషయంలో జరిగేది దీనికి తలకిందులు. మలుపు మధ్యలో బ్రేకు పట్టి ఉన్నందువల్లే బండి వంగనని మొరాయిస్తుంది. అది మాట వినకపోవడం చూసి భయం వేస్తుంది.

టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు ఒక్కటే. వేగం తగ్గించడానికి ఒకటి, తిరగడానికి మరొకటి అని వేరువేరుగా ఉండదు. ఒకే జీతంలోంచి ఇంటి అద్దె, పిల్లల ఫీజు రెండూ కట్టే సంసారం లాంటిది ఇది. అద్దెకే అంతా పోతే ఫీజుకు ఏమీ మిగలదు. ముందు బ్రేకు గట్టిగా నొక్కి ఉన్న చక్రానికి పక్కకు తిరిగే శక్తి ఆ మేరకు తగ్గుతుంది. పైగా వంగి ఉన్న బండికి ముందు బ్రేకు వేస్తే అది నిటారుగా లేవడానికి చూస్తుంది. మీరు ఎడమకు పోవాలనుకుంటే అది కుడికి, అంటే ఎదురుగా వచ్చే బస్సు వైపు వెడల్పుగా పోతుంది.

కొంచెం లెక్క చూద్దాం. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకోండి. గంటకు 20 కి.మీ. వేగంతో తిరగాలంటే మీరూ బండీ కలిసి నిలువు నుంచి 12 డిగ్రీలు వంగితే చాలు. 30 కి.మీ. అయితే 25 డిగ్రీలు. 40 అయితే ఏకంగా 40 డిగ్రీలు. టైరు నుంచి అడిగే పక్క పట్టు, మోసే బరువులో ఎన్నో వంతు అని చూస్తే, 20 దగ్గర 0.21, 30 దగ్గర 0.47, 40 దగ్గర 0.84. శుభ్రంగా, పొడిగా ఉన్న తారు రోడ్డు మీద మంచి టైరు ఇవ్వగలిగింది సుమారు 0.7 నుంచి 0.9. అంటే 20లో మీ చేతిలో బోలెడంత మిగులు ఉంది. 30లో పొడి రోడ్డు మీద ఇబ్బంది లేదు, పిడికెడు ఇసుక తగిలితే మాత్రం పడతారు. 40లో పొడి రోడ్డు కూడా హామీ ఇవ్వదు. వేగం రెట్టింపైతే కావలసిన పట్టు నాలుగింతలు అవుతుంది కాబట్టి మలుపు ముందు తగ్గించే ప్రతి ఐదు కిలోమీటర్లూ ఏ టైరూ ఇవ్వలేనంత భద్రత ఇస్తాయి.

ఇంకో సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపును (దాదాపు వెనక్కి తిరిగిపోయే మలుపును) గంటకు 20 కి.మీ. వేగానికి, లోపలి అంచు దగ్గర కనీసం 14 మీటర్ల వ్యాసార్ధంతో కడతారు. ఆ రోడ్డు గీసిన ఇంజనీరు మనసులో ఉన్న వేగం అది. అరకు ఘాట్‌లో గానీ, మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ దారిలో గానీ హెయిర్‌పిన్ దగ్గరికి 20, 25తో వస్తే పిరికితనమని ఎవరూ అనరు.

కాబట్టి బ్రేకు పనంతా మలుపు మొదలయ్యేలోపే, బండి నిటారుగా ఉండగానే ముగియాలి. 40 నుంచి 20కి రావడానికి వాలు మీద, మరీ బెదిరిపోకుండా బ్రేకు వేస్తే, 20 మీటర్లు పడుతుంది. మలుపు చూసి నిర్ణయించుకోవడానికి ఒక సెకను పోతే అందులోనే మరో 11 మీటర్లు. అంటే 30 మీటర్ల ముందే మొదలుపెట్టాలి. కొత్తవాళ్లు పదిహేను మీటర్ల దగ్గర మొదలుపెట్టి మిగతాది మలుపులో పూర్తి చేస్తారు. రెండు బ్రేకులూ వాడండి, ఎక్కువ పని ముందు బ్రేకుదే. మీ బండిలో ముందు బ్రేకు కుడి చేతికి ఉందో ఎడమ చేతికి ఉందో ఒకసారి నిలబెట్టి నొక్కి చూసుకోండి, బండిని బట్టి అది మారుతుంది. బాగా అనుభవం ఉన్నవాళ్లు మలుపులోకి దిగుతూ కూడా బ్రేకును మెల్లగా వదులుతూ పోతారు. అది తప్పు కాదు, కానీ వదులుతూ పోవడం వేరు, లోపలికి వెళ్లాక కొత్తగా పట్టడం వేరు. మీరు ప్రస్తుతానికి మలుపు మొదట్లో వేళ్లు లివరు మీద ఉంచి, నొక్కడం పూర్తిగా మానేయండి.

ఇక బండిని ఎలా వంచాలి. హ్యాండిల్ తిప్పి వంచరు. ఎడమకు పోవాలంటే ఎడమ చేత్తో హ్యాండిల్‌ను ముందుకు కొద్దిగా నెట్టండి. వినడానికి వింతగా ఉంటుంది, ఎందుకంటే దానివల్ల చక్రం ఒక్క క్షణం కుడికి తిరుగుతుంది. ఆ క్షణంలోనే చక్రాలు మీ కింద నుంచి కుడికి జరిగి, మీరు ఎడమకు వంగుతారు. చిన్నప్పటి నుంచి సైకిల్ తొక్కేవాళ్లందరూ తెలియకుండా ఇదే చేస్తారు. తెలిసి చేస్తే లాభం ఏమిటంటే, మలుపు మధ్యలో వెడల్పుగా పోతున్నానని అనిపించినప్పుడు బ్రేకు బదులు లోపలి చేతిని ఇంకొంచెం నెట్టే అలవాటు వస్తుంది. 25 కి.మీ. వేగం దగ్గర పొడి రోడ్డు మీద ఇంకా వంగడానికి దాదాపు ఎప్పుడూ చోటు ఉంటుంది. చోటు లేనిది మనసులో.

చేతులు డ్రాప్స్ మీద, అంటే కింది వంపులో ఉండాలి. పై భాగం పట్టుకుని దిగితే బరువు వెనక్కి, పైకి పోతుంది, ముందు చక్రం తేలికైపోతుంది. బ్రేకు కూడా సరిగా అందదు. వేళ్లు చిన్నవైతే లివరు దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పించి లివరును దగ్గరకు తెచ్చుకోండి. చాలామంది ఏళ్ల తరబడి ఆ స్క్రూ ఉందనే తెలియకుండా తొక్కుతారు. మోచేతులు వంచి వదులుగా పెట్టండి. బయటి వైపు పెడల్ పూర్తిగా కిందికి, దాని మీద నిలబడుతున్నంత బరువు వేయండి. సీటు మీద పిరుదులు ఆనీ ఆననట్టు ఉంటే సరిపోతుంది. లోపలి పెడల్ కింద ఉండిపోతే వంగినప్పుడు అది నేలకు తగిలి బండిని ఎగరేస్తుంది. వేగంగా దిగేటప్పుడు హ్యాండిల్ దానంతట అదే ఊగడం మొదలైతే మోకాలును ఫ్రేము పైగొట్టానికి ఆనించండి, తగ్గుతుంది.

చూపు గురించి అందరూ చెబుతారు, అయినా చెప్పక తప్పదు. గుంతను చూస్తే గుంతలోకే పోతారు, లోయ వైపు రెయిలింగును చూస్తే దాని దగ్గరికే పోతారు. మలుపు బయటపడే చోటును చూడండి. అది ఇంకా కనపడకపోతే కనపడుతున్న రోడ్డు చివర ఎక్కడ ఉందో అక్కడ చూడండి. ఆ చివర మీకు దగ్గరవుతూ వస్తోందంటే మలుపు బిగుసుకుంటోందని అర్థం, దూరమవుతోందంటే తెరుచుకుంటోంది. బిగుసుకునే మలుపుల్లోనే ఎక్కువమంది పడతారు.

దారి ఎంచుకోవడంలో మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. యూరప్ వీడియోలు చూసి నేర్చుకుంటే కుడి ఎడమలు తారుమారు చేసుకోవాలి, వాళ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తారు. అంతేకాదు, పోటీల్లో రోడ్డు మూసేస్తారు. 2022 మిలాన్-శాన్ రెమో పోటీలో మాతేయ్ మొహోరిచ్ పోజ్జో కొండ మీది నుంచి దిగిన తీరు, అదే ఏడాది టూర్ ద ఫ్రాన్స్‌లో టామ్ పిడ్‌కాక్ గలిబియే కనుమ దిగిన తీరు చూసి ముచ్చటపడండి, అంతే. వాళ్లు రోడ్డు మొత్తం వాడుకుంటారు. మీకు ఉన్నది ఎడమ సగం, అందులోనూ ఎదురుగా వచ్చే లారీ లాక్కోకుండా మిగిల్చిన భాగం.

ఎడమ మలుపు, కుడి మలుపు మనకు ఒకలాంటివి కావు. మామూలు తారు రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు పల్లంగా ఉంటుంది. ఎడమ మలుపులో ఆ వాలు లోపలికి ఉండి మీకు సాయపడుతుంది. కానీ ఇసుక, గులకరాళ్లు, ఎండుటాకులు చేరేది కూడా ఆ అంచుకే. అందుకని లోపలి అంచుకు మరీ దగ్గరగా కోయకండి, కారు ఎడమ చక్రాలు నడిచే గీత మీద ఉండండి, అది ఊడ్చినట్టు ఉంటుంది. కుడి మలుపులో రోడ్డు వాలు బయటికి, మీకు వ్యతిరేకంగా ఉంటుంది. సరిగ్గా మలిచిన కొత్త ఘాట్ రోడ్లలో వాలు లోపలికే ఇస్తారు గానీ, పాత రోడ్లను నమ్మకూడదు. మరో ప్రమాదం, మధ్య గీతకు దగ్గరగా వెళ్తే చక్రాలు మీ సగంలోనే ఉన్నా వంగిన తల, భుజం అవతలి సగంలో ఉంటాయి. ఎదురు వాహనం మలుపు కోసుకుంటూ వస్తే అక్కడే తగులుతుంది. కుడి మలుపులో మధ్య గీత నుంచి మీటరు పైనే దూరం ఉంచి, వేగం ఎడమ మలుపు కంటే కొంచెం తక్కువగా పెట్టుకోండి.

జారించేది ఎక్కువగా రోడ్డు మీద ఉన్న వస్తువే. హెయిర్‌పిన్‌లలో ట్యాంకు నిండుగా ఉన్న లారీలు, బస్సులు ఒలికించే డీజిల్. తడిసిన తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు. ట్రాక్టరు చక్రాలు పొలం నుంచి తెచ్చి రోడ్డు మీద వదిలిన ఎర్రమట్టి. కోతల కాలంలో సగం రోడ్డు ఆక్రమించి ఆరబోసిన వడ్లు, మొక్కజొన్న: వీటి మీద ఏ టైరూ నిలవదు, ఎంత ఖరీదైనదైనా. జూన్‌లో తొలకరి జల్లు పడిన మొదటి అరగంట అన్నిటికంటే చెడ్డది, ఎండాకాలమంతా పేరుకున్న నూనె, రబ్బరు పొడి నీటితో కలిసి పైకి తేలుతాయి. గట్టి వాన కాసేపు కురిశాక రోడ్డు కొంత మెరుగవుతుంది. ఇలాంటివి ఎదురైతే బండిని నిటారుగా లేపి, బ్రేకు వదిలి, తిన్నగా వాటి మీది నుంచి పోనివ్వండి, దాటాక మళ్లీ వంచండి. అందుకు చోటు ఉండాలంటే వచ్చేటప్పుడే వేగం తక్కువ ఉండాలి.

ఇప్పుడు గాలి. టైరు నేలకు ఆనే చోటు ఎంత ఉంటుందో గాలి ఒత్తిడే చాలావరకు నిర్ణయిస్తుంది. ఒక చక్రం మీద 40 కిలోల బరువు ఉందనుకుంటే, 110 పీఎస్ఐ దగ్గర ఆనే వైశాల్యం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు, 80 దగ్గర 7. అయితే వైశాల్యం కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మన రోడ్లు నున్నగా ఉండవు. గట్టిగా బిగిసిన టైరు ప్రతి చిన్న ఎగుడుదిగుడు దగ్గరా ఎగురుతుంది. ఎగిరి గాలిలో ఉన్న ఆ కొద్దిసేపూ దాని పట్టు సున్నా. మలుపులో మీకు ముందు చక్రం "తేలుతున్నట్టు" అనిపించేది చాలావరకు ఇదే. మీ బరువుకు, ట్యూబు ఉన్న 25 మి.మీ. టైరుకు ముందు 80, వెనక 85 పీఎస్ఐతో మొదలుపెట్టండి. వెనక చక్రం ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి తేడా ఉంచాలి. 28 అయితే ముందు 68, వెనక 73 దగ్గర. 32 పట్టే బండి అయితే 55, 60. ఇవి శాసనాలు కావు. గుంతలో రిమ్ము నేలకు కొట్టినట్టు టక్కుమంటే మూడు పెంచండి, ఒళ్లంతా అదురుతుంటే మూడు తగ్గించండి. టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠ, గరిష్ఠ అంకెల మధ్యే ఉండండి, కానీ ఆ గరిష్ఠమే పెట్టాలని ఎవరూ చెప్పలేదు. గేజీ ఉన్న నిలువు పంపు ఇంట్లో ఉండాలి, వేలితో నొక్కి చూసే పద్ధతి రోడ్ బైక్‌కు పనికిరాదు. ఎండ గురించి భయపడేవాళ్లుంటారు: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పెరిగే ఒత్తిడి మూడు పీఎస్ఐ మాత్రమే.

గళ్లున్న టైర్ల సలహాను మర్యాదగా విని వదిలేయండి. కార్లకు గాడులు ఉండేది వెడల్పాటి చదునైన టైరు కింద నీరు చిక్కుకుని తేలిపోకుండా. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా, ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది కాబట్టి నీటిని పడవ ముక్కులా పక్కకు కోసేస్తుంది. విమానాల టైర్ల కోసం నాసా రూపొందించిన సూత్రం ప్రకారం చూస్తే 80 పీఎస్ఐ ఉన్న టైరు నీటి మీద తేలడానికి గంటకు 150 కి.మీ. దగ్గర వేగం కావాలి. తారు రోడ్డు మీద గళ్లు చేసేది రబ్బరు ఆనే భాగాన్ని తగ్గించడం, వంగినప్పుడు మెత్తగా ఊగడం, అంతే. మట్టిదారికి అవి వేరే సంగతి. నున్నటి టైరే తీసుకోండి.

28కి మారాలా అంటే, పడితే మారండి. పడుతుందా లేదా అన్నది ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు, రిమ్ బ్రేకు (చక్రం అంచునే పట్టే బ్రేకు) అయితే దాని క్యాలిపర్, అంటే పట్టుకునే దవడలు, నిర్ణయిస్తాయి. టైరుకు చుట్టూ కనీసం 4 మి.మీ. ఖాళీ ఉండాలి, చిన్న రాయి అంటుకుని వచ్చినా ఫ్రేమును గీకకుండా. డిస్క్ బ్రేకు బండ్లలో సాధారణంగా 28, 32 కూడా పడతాయి. పాత రిమ్ బ్రేకు బండ్లలో 25 దాటనివి ఉంటాయి, అలాంటప్పుడు బలవంతం చేయకుండా మంచి 25 వేసుకోండి. టైరు మీద 28-622 అని ఉంటే 28 వెడల్పు, 622 రిమ్ము వ్యాసం. మనం 700సి అనేది దాన్నే. రిమ్ము లోపలి వెడల్పు కూడా చూసుకోవాలి. 28కి 19, 21 మి.మీ. చక్కగా సరిపోతాయి. రిమ్ము మీద హుక్‌లెస్ (టైరు అంచును పట్టే కొక్కెం లేనిది) అని ఉంటే ఆటలాడకండి: దానికి అనుమతి ఉన్న టైర్లే వేయాలి, గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. అలాంటి రిమ్ముకు 110 పెట్టడం ప్రాణాంతకం.

టైరు ఎంపికలో నేను చూసేది మూడు: రబ్బరు మిశ్రమం, లోపలి అల్లిక మెత్తదనం, ముల్లు ఆపే పట్టీ. బండితో ఉచితంగా వచ్చే టైర్లలో మొదటిది గట్టిగా, రెండోది మందంగా ఉంటుంది, వాటి ధ్యేయం ఎక్కువ కాలం మన్నడం. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000, విట్టోరియా కోర్సా, ష్వాల్బే ప్రో వన్ వంటివి పట్టులో వేరే లోకం, ధరలోనూ వేరే లోకమే. తడిలోనూ, ముళ్లలోనూ ఎక్కువగా తిరిగేవాళ్లకు గ్రాండ్ ప్రీ 4 సీజన్ మధ్యే మార్గం. గేటర్‌స్కిన్‌ను మనవాళ్లు బాగా ఇష్టపడతారు, సర్కారు తుమ్మ ముళ్లు నిండిన మన రోడ్ల పక్కన ఆ ఇష్టానికి కారణం అర్థమవుతుంది. కానీ తడి మలుపులో దాని పట్టు మీద నాకు నమ్మకం లేదు. వేసుకోవాలంటే వెనక చక్రానికి వేసుకోండి. ముందు చక్రానికి మాత్రం మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మంచిది ఉండాలి. వెనక చక్రం జారితే సర్దుకునే అవకాశం కొంత ఉంటుంది, ముందుది జారితే నేల మీదే తెలుస్తుంది. వెనక టైరు అరిగితే ముందుదాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయడం నా పద్ధతి. చాలామంది షాపులో అడిగినట్టే కొత్తదాన్ని వెనక వేయించుకుంటారు, అరిగింది అదే కదా అని.

పాత నిల్వ సరుకు జాగ్రత్త. ఏళ్ల తరబడి వేడి గోడౌనులో పడి ఉన్న రబ్బరు గట్టిపడుతుంది. గోరు దిగకపోయినా, పక్కన సన్నటి పగుళ్లు కనిపించినా తగ్గింపు ధరకు కూడా వద్దు. కొత్త టైరు మెరుపు పోయేదాకా, మొదటి కొన్ని కిలోమీటర్లు, మలుపుల్లో మెల్లగా పోండి.

సాధన అనంతగిరిలో మొదలుపెట్టకండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేగానికి, ఓపికకు మంచిదే గానీ, మలుపులు నేర్పదు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే పార్కింగు స్థలమో, కాలేజీ మైదానం పక్క సిమెంటు రోడ్డో చూసుకోండి. ఇసుక ఊడ్చి, రెండు నీళ్ల సీసాలు పది మీటర్ల దూరంలో పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరగండి. లోపలి చేతిని నెట్టడం, బయటి పెడల్ తొక్కి పట్టడం, చూపు తర్వాతి సీసా మీద పెట్టడం, ఒక్కోసారి ఒక్కటే దృష్టిలో పెట్టుకోండి. మూడూ ఒకేసారి చేయాలని చూస్తే ఒక్కటీ రాదు. తర్వాత కొండకు వెళ్లినప్పుడు మొత్తం దిగకుండా, బాగా ముందు దాకా కనిపించే ఒక్క మలుపును ఎంచుకుని, పైకెక్కి మళ్లీ మళ్లీ దానిలోనే దిగండి. ఆదివారం మధ్యాహ్నం అక్కడ కార్ల రద్దీ ఎక్కువ, తెల్లవారుజామున వెళ్లండి. అయితే చలికాలంలో ఆ వేళకు చెట్ల నీడలో రోడ్డు మంచుకు తడిగా ఉంటుందని గుర్తుంచుకోండి.

ట్యూబ్‌లెస్ మీకు ఇప్పుడు అవసరం లేదు. తక్కువ గాలితో తొక్కినా ట్యూబు రిమ్ముకు నలిగి చిరిగే పంక్చరు రాదన్నది, ముల్లు గుచ్చుకున్నా లోపల పోసిన సీలెంటు ద్రవం దానంతటదే పూడుస్తుందన్నది దాని లాభాలు. కానీ మన ఎండలకు ఆ సీలెంటు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, చూసుకుంటూ పోయాలి. దారిలో పెద్ద చీలిక వస్తే వికారాబాద్‌లో పంక్చరు వేసేవాళ్లు దానితో ఏమీ చేయలేరు, మీ జేబులో ఎలాగూ ఒక ట్యూబు ఉండాల్సిందే. ప్రస్తుతానికి 28 టైర్లు, మామూలు ట్యూబులు, ముందు చక్రానికి 68, వెనక దానికి 73 పీఎస్ఐతో ఈ వర్షాకాలం గడపండి. చక్రాలు ట్యూబ్‌లెస్‌కు సరిపడేవే అయితే ఆ మార్పు ఎప్పుడైనా చేసుకోవచ్చు.